యమున వదిలిన జాగ

ఆగస్టు 18, సోమవారం

ఈ డైరీ కొత్త సంవత్సరానికి మార్కెట్‌లో సరుకు అమ్మిపెట్టే అడ్తి సేటు మా ఆయనకు ఇచ్చాడు. అప్పటి నుంచి బియ్యం డబ్బా మీద ఖాళీగా పడి ఉంది. నేను ఐదో తరగతి దాకానే చదివాను. తప్పులు పోతాయి. చదివేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి ఫికర్ లేదు.

ఈ రోజు యమున బొమ్మ చూశాను. అందుకే రాస్తున్నాను.

యమున నా బిడ్డ. ఒక్కతే. పోయిన కార్తీకంలో డెంగీ వచ్చి పోయింది. ఆమె లాప్‌టాప్ అప్పటి నుంచి బీరువాలో చీరల కింద ఉంది. ఈ రోజు దీప్తి వచ్చి తెరిచింది. దీప్తి, యమున హన్మకొండలో ఒకే ఫ్లెక్సీ షాపులో డిజైనింగ్ చేసేవాళ్ళు. ఛార్జింగ్ పెట్టి చాలాసేపు కూర్చున్నాం. స్క్రీన్ వెలిగింది. ఫోటోషాప్‌లో దీప్తి ఒక ఫైలు నొక్కింది.

నల్లటి ఆకాశం. నడుమ నారింజ రంగు గ్రహం, దాని చుట్టూ పళ్ళెం అంచు లాంటి రింగు. పక్కన వంకాయ రంగు పొగ, పొగ లోపల గులాబీ వెలుగు. గీసినట్టు లేదు. నోటితో ఊదినట్టు ఉంది. కింద ఎడమ మూల మాత్రం తెల్లగా, బూడిదగా గడులు గడులుగా ఉంది. ఇక్కడ లుంగీ ఎందుకు వేసింది అన్నాను. దీప్తి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. అది లుంగీ కాదు ఆంటీ, ఆడ యమున ఇంకా ఏం వెయ్యలే, ఖాళీ జాగ గట్లనే కనవడ్తది అంది.

అంటే జ్వరం వచ్చేనాటికి అక్కడి దాకా వేసింది.

ఆగస్టు 19, మంగళవారం

యమున ఉన్నప్పుడు ఒకసారి అడిగాను, రోజంతా కంప్యూటర్ ముందే కూర్చొని వచ్చి ఇంట్లో మళ్ళీ ఇదేందే అని. యమున ఏమందంటే, షాపుల ఒక్క ఇంచు ఖాళీ ఉంచనియ్యరమ్మా. లీడర్ బర్త్‌డే అంటే నలభై మొఖాలు. పెళ్ళంటే మొఖాలు. దినం అంటే మొఖాలు. ఇంక జర జాగ ఉన్నది కదా, మా బామ్మర్దిని పెట్టు అంటరు. స్పేస్‌ల గట్ల ఉండదు. ఆడ మస్తు జాగ ఉంటది, ఎవ్వడు ఫోటో పెట్టమనడు.

నాకు అప్పుడు సగమే అర్థమైంది. అన్నం తినుపో అన్నాను.

ఆగస్టు 24, ఆదివారం

యమున ఏడాది దినం నవంబర్ ఆరున వస్తుంది. అయ్యగారు చెప్పాడు.

మా ఆయన కొమురెల్లి ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ. రోజూ బస్తాలు మోస్తాడు కానీ ఇంటికొచ్చాక ఒక మాట మోయలేడు. అట్లాంటి మనిషి పొద్దున్నే తయారై, ఫ్లెక్సీ షాపుకు పోదాం దా అన్నాడు. మన గల్లీ మొదట్లో పెద్ద ఫ్లెక్సీ కట్టాలి, నీలం ఆకాశం, మబ్బులు, నడుమ బిడ్డ ఫోటో. అందరూ కట్టినట్టే.

ఫోటో కాదు, బిడ్డ వేసిన బొమ్మ కడదాం అన్నాను. ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. ఎవలకు తెలుస్తదే అది మన బిడ్డ అని, తొవ్వల పోయేటోళ్ళు ఏదో సినిమా వచ్చింది అనుకుంటరు అన్నాడు.

షాపు రమాకాంత్‌ది. యమునను బాగానే చూసుకున్న మనిషి. ఇద్దరి మాటా విన్నాడు. నేను తెచ్చిన లాప్‌టాప్‌లో బొమ్మ తెరిపించి చూశాడు. అక్కా, కొట్లాట ఎందుకు, రెండూ ఐతయ్ అన్నాడు. కింద మూలకు ఖాళీ ఉండనే ఉన్నది, యమున ఫోటో ఆడ పెడదాం, వెనుక నుంచి జర లైటింగ్ ఇద్దాం, సూపరుంటది.

మా ఆయన మొఖం వెలిగింది. చాలా రోజులకు వెలిగింది. నేను వద్దన్నాను. అందరి ముందే గట్టిగా వద్దన్నాను. నా బిడ్డ ఏ మొఖాల నుంచి పారిపోయి అది వేసుకుందో, మళ్ళీ అదే తెచ్చి అందులో పెడతారా.

ఇది కూడా అనాలనుకున్నాను. వద్దు అని మాత్రమే వచ్చింది.

బండి మీద వచ్చేటప్పుడు దారంతా అదే ఆలోచించాను. ఆ మూల ఖాళీగా ఉంటే ఫోటో పెట్టేస్తారు. ఏడాది దినం లోపు ఆ మూల నేనే నింపాలి.

ఆగస్టు 31, ఆదివారం

దీప్తి నేర్పిస్తానంది. షాపులో గిరాకీ లేనప్పుడు రమ్మంది. రమాకాంత్ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

నేను మిర్చి తొడిమలు తీసే పనికి పోతాను. కోల్డ్ స్టోరేజీ నుంచి బస్తాలు వచ్చిన రోజే పని. నిన్న పని ఉంది. చేతులు ఎంత కడిగినా మంట పోదు. ఈ రోజు నేను మౌస్ పట్టుకున్నాక దీప్తి అదే మౌస్ పట్టుకొని కన్ను నలుపుకుంది. ఇంక చూడాలి. ఓ ఆంటీ, మీ చెయ్యి గాదది, మిరపకాయ బజ్జీ అని అరిచింది. షాపంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వాక, బిడ్డ పోయాక నవ్వడం ఇదే మొదలు అని భయమేసింది. వెంటనే బయటికి వచ్చి నిలబడ్డాను.

లేయర్ అంటే ఏందో దీప్తి ఒక ఫ్లెక్సీలో ఉన్న బతుకమ్మ బొమ్మను చూపించి చెప్పింది. కింద తంగేడు వరుస, దాని మీద గునుగు, దాని మీద బంతి. పైనుంచి చూస్తే ఒకటే బతుకమ్మ. కానీ ఫోటోషాప్‌లో నడుమ వరుస తీసినా పై వరుస కూలదు. అట్లాంటి బతుకమ్మ ఎక్కడా లేదు బిడ్డా అన్నాను. అందుకే మంచిగుంటది ఆంటీ అంది.

సెప్టెంబర్ 7, ఆదివారం

మచ్చలు తీసే బ్రష్ నేర్చుకున్నాను. మచ్చ మీద పెట్టి నొక్కితే చాలు. పక్కన ఉన్న రంగు వచ్చి కప్పేస్తుంది.

మరిపెడ నుంచి ఒక పెద్దాయన ఫోటో వచ్చింది. ఎల్లుండి దినం. ఫోటోను ఆధార్ కార్డు కవర్‌లో మడతపెట్టి దాచుకున్నట్టున్నారు, మొఖం మీదుగా మడత గీత పడింది. ముక్కు మీద బూజు చుక్కలు. దీప్తి వేరే పనిలో ఉండి మీరు చెయ్యండి అంది. నేనే చేశాను. నుదురు తుడిచాను. చెంపలు తుడిచాను. కళ్ళ కింద తుడిచాను. ఎవరో ఏమో. కానీ ఆయనకు స్నానం పోసినట్టే అనిపించింది.

బిడ్డ పోయిన రోజు నేను సోయి లేకుండా పడి ఉన్నాను. యమునకు స్నానం ఎవరు పోశారో ఇప్పటికీ తెలియదు.

సెప్టెంబర్ 13, శనివారం

ఆయన ఫోటో అనే అంటాడు. నేను బొమ్మ అనే అంటాను. అన్నం మాత్రం ఇద్దరం తిన్నాం.

సెప్టెంబర్ 21, ఆదివారం, సాయంత్రం

ఈ రోజు ఎంగిలిపూల బతుకమ్మ, పండుగ మొదటి రోజు. చావు జరిగిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా పేర్చకూడదు. ఆడకూడదు. పక్కింటి మొగిలమ్మ తంగేడు పూలు తెచ్చుకొని మా వాకిట్లోంచి పోతూ, బుట్ట కొంగు కింద దాచుకుంది. నేను చూశానని తెలిసి ఆగింది. ఏమనుకోకు బిడ్డా, వచ్చే ఏడు నీ చేతుల్తోటే పేరుద్దువు అంది. ఎవరి కోసం పేర్చాలి అత్తా అన్నాను. ఆమె బుట్ట సర్దుకొని పోయింది. జవాబు కావాలని నేనూ అడగలేదు.

గల్లీలో ఎవరూ లేరు. దూరంగా చప్పట్లు, డీజే. తలుపు పెట్టుకొని లాప్‌టాప్ తెరిచాను. మూల నింపుదామనే తెరిచాను. ముందు మొత్తం ఒకసారి చూద్దామని దీప్తి చెప్పినట్టు పెద్దది చేసి చూశాను. నలుపు నిండా దుమ్ము. సన్నగా, తెల్లగా, అక్కడక్కడా పసుపుగా. తొమ్మిది నెలలు చీరల కింద పడి ఉంది కదా. కొంగుతో స్క్రీన్ తుడిచాను. పోలేదు. అంటే దుమ్ము బొమ్మలోనే పడింది.

మచ్చల బ్రష్ తీసుకున్నాను. ఒక్కొక్కటే తుడిచాను. గ్రహం పక్కన మెరిసే పెద్ద చుక్కలు నాలుగైదు ఉన్నాయి, వాటిని ముట్టుకోలేదు. మిగతా అంతా తుడిచాను. పైనుంచి కిందికి. తల నుంచి పాదాల దాకా. కరెంటు పోతుందేమోనని నడుమ నడుమ సేవ్ కొట్టాను. దీప్తి అది బాగా అలవాటు చేసింది.

ఇప్పుడు నలుపు ఎంత నున్నగా ఉందో. దువ్వి నూనె రాసిన జుట్టు లాగా ఉంది. బతుకమ్మ పేర్చకపోతేనేం, నా బిడ్డ పని చేసుకున్నాను. ఈ ఏడాదిలో ఇంత మనసు నిండిన రోజు లేదు.

సెప్టెంబర్ 22, సోమవారం

లాప్‌టాప్ సంచిలో పెట్టుకొని షాపుకు పోయాను. చూడు బిడ్డా ఎంత సాఫ్ చేశానో అన్నాను.

దీప్తి చూసింది. పెద్దది చేసి చూసింది. కీబోర్డు మీద ఏదో కొట్టింది, మళ్ళీ కొట్టింది. ఆంటీ, రాత్రి దీన్ని మూసేసిన్రా అని అడిగింది. మూశాను అన్నాను. సేవ్ చేసిన్రా. చేశాను. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

అవి చుక్కలు ఆంటీ అంది.

చుక్కలు వేసే బ్రష్ ఉంటుందట. ఒక్కసారి లాగితే వెయ్యి పడతాయట. యమున అది వాడలేదట. మిషన్ వేసినయ్ అన్నీ ఒక్క తీరుగుంటయ్ అని ఒక్కొక్కటి చేత్తో పెట్టిందట. నెల పట్టిందట. ఒకటి సన్నం, ఒకటి లావు, ఒకటి మసక. దీప్తికి కోపం వచ్చింది. నా మీద కాదు, యమున మీద. ఎన్నిసార్లు చెప్పిన దానికి, నలుపు మీదనే వెయ్యకే, చుక్కలు వేరే లేయర్‌ల పెట్టు అని. వినదు. ఎప్పుడు విన్నది అది నా మాట అని టేబుల్ మీద కొట్టింది. చనిపోయిన పిల్లను అట్లా తిట్టి, తర్వాత తల వంచుకొని కూర్చుంది.

వెనక్కి తెచ్చే బటన్ ఉంటుంది. మూసేశాక అది పనిచేయదు. రమాకాంత్ షాపు కంప్యూటర్లన్నీ వెతికాడు. ఇంట్లో వేసుకున్న బొమ్మను యమున షాపు కంప్యూటర్లలో పెట్టలేదు.

నా బిడ్డ చేసిన పని నేను కడిగేశాను.

సెప్టెంబర్ 23, మంగళవారం

ఏం రాయాలి.

సెప్టెంబర్ 26, శుక్రవారం

ఆయనకు చెప్పాను. దాచలేను. అన్నం దగ్గర చెప్పాను.

మొదట అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. పళ్ళెం నెట్టేశాడు. చదువురాని దానివి నీకెందుకే కంప్యూటరు అన్నాడు. ఫోటో పెడదామంటే వద్దన్నవ్, ఇగో ఉన్న బొమ్మ తుడుసుకపోయింది, ఇప్పుడు ఏం కడ్తవ్ నడిబజార్ల, నీ నల్లగుడ్డ కడ్తవా అన్నాడు. ఎదురు చెప్పడానికి ఆయన ఏం తప్పన్నాడు.

బయటికి పోయి గద్దె మీద కూర్చున్నాడు. కాసేపయ్యాక అక్కడి నుంచే అడిగాడు. అన్ని తుడిసినవా. పెద్దవి ఉన్నయ్ అన్నాను. బీడీ ముట్టించుకున్నాడు.

సెప్టెంబర్ 30, మంగళవారం

సద్దుల బతుకమ్మ, పండుగ ఆఖరి రోజు. గల్లీలో ఆడవాళ్ళందరూ పట్టు చీరల్లో ఉన్నారు. మార్కెట్ బంద్. ఆయన ఇంట్లోనే ఉన్నాడు.

వంటింట్లోకి వచ్చి ఫోన్ నా ముందు పెట్టాడు. చూడు అన్నాడు. యమున బొమ్మ. చుక్కలతో సహా.

బొమ్మ వేసేటప్పుడు యమున ఆయనకు వాట్సాప్‌లో పంపిందట. బాపూ ఎట్లుంది అని. ఆయన బొటనవేలు బొమ్మ పెట్టాడట. అంతే. నాకు పంపలేదు, నా డబ్బా ఫోన్‌లో ఫోటోలు రావు. ఎప్పుడన్నా చూస్తావా దీన్ని అని అడిగాను. బస్తాలు దించినంక బీడీ తాగేటప్పుడు చూస్తా అన్నాడు. రోజా అన్నాను. బీడీ రోజూ తాగుతా గదా అన్నాడు.

ఏడాది నుంచి ఈ మనిషి మార్కెట్‌లో బస్తాల నడుమ కూర్చొని దీన్ని చూస్తున్నాడు. నేను చీరల కింద పెట్టి మూశాను.

అక్టోబర్ 1, బుధవారం

దీప్తి ఆ ఫోటో చూసింది. చిన్నగైంది ఆంటీ, వాట్సాప్ పిండేస్తది, ఇది ఫ్లెక్సీకి పనికిరాదు అంది. పెద్దది చేస్తే చుక్కలు అలుక్కుపోతున్నాయి. కానీ ఏది ఎక్కడ ఉందో తెలుస్తోంది. చూసి మళ్ళీ పెట్టొచ్చు, ఒక్కొక్కటే అంది. ఆమె పెట్టాలా నేను పెట్టాలా అని నా మొఖం చూసింది. నేనే పెడతా అన్నాను.

ఈసారి వేరే లేయర్ మీద. దీప్తి తానే చేసి ఇచ్చింది. ఇక ఎంత తప్పు చేసినా యమున వేసినదానికి ఏమీ కాదంది. ఈ మాట నాలుగుసార్లు చెప్పించుకున్నాను.

అక్టోబర్ 5, ఆదివారం

ఫోన్ పట్టుకొని చూస్తే మౌస్ జారుతుంది. మౌస్ చూస్తే ఫోన్‌లో జాగ తప్పిపోతుంది. రెండు గంటల్లో పన్నెండు చుక్కలు పెట్టాను, అందులో సగం తప్పు. ఆయన మంచం మీద నుంచి చూస్తున్నాడు. చూసి చూసి లేచాడు. ఫోన్ ఇటియ్యి అన్నాడు.

పక్కన పీట వేసుకొని కూర్చున్నాడు. మార్కెట్‌లో లారీని వెనక్కి రప్పించినట్టే చెప్తాడు. రానియ్, రానియ్, ఇంకా జర ఎడమకు. బస్. ఆగు. దాటిపోయినవ్, మళ్ళ వెనుకకు రా. నేను లారీనా అన్నాను. లారీ ఐతే ఒక్కసారి చెప్తే వింటది అన్నాడు.

అక్టోబర్ 12, ఆదివారం

వంకాయ పొగ పై భాగం అయిపోయింది. రాత్రి కళ్ళు మూసుకున్నా తెల్లగా మెరుస్తున్నాయి.

అక్టోబర్ 19, ఆదివారం

ఈ రోజు పెద్ద కొట్లాట. రింగు కింద ఒక చోట ఫోన్‌లో తెల్లగా అలుక్కుని ఉంది. ఆయన అది ఒకటే చుక్క అంటాడు. నేను రెండు అంటాను. బిడ్డ గంత దగ్గర దగ్గర ఎందుకు పెడ్తది అన్నాడు. పెట్టబుద్ధయి పెట్టింది, నీకు చెప్పి పెట్టిందా అన్నాను. నీకు చెప్పిందా అన్నాడు. ఇద్దరికీ చెప్పలేదు.

మొగిలమ్మ గోడ అవతల నుంచి విన్నదట. ఏంది బిడ్డా, మొగడూ పెండ్లాలు ఆకాశం పంచుకుంటాన్రా అంది. ఆయన నవ్వాడు. తర్వాత నవ్వు ఆపుకోలేక, ఏడుపు కూడా ఆపుకోలేక బయటికి పోయాడు.

రెండు పెట్టాను.

అక్టోబర్ 26, ఆదివారం

అయిపోయింది. అన్నీ పెట్టానని చెప్పలేను. ఫోన్‌లో కనిపించినన్ని పెట్టాను. కనిపించనంత సన్నవి ఎన్ని పోయాయో యమునకే తెలుసు.

సాయంత్రం ఆయన, నేను, దీప్తి షాపులో కూర్చున్నాం. మూల ఇంకా గడులుగానే ఉంది. నేను దాని సంగతే మరిచిపోయాను. అన్నా, మరి ఫోటో ఈ మూలకేనా అని రమాకాంత్ ఆయననే అడిగాడు. వద్దనే హక్కు నాకిక లేదు. తుడిచినదాన్ని నేను.

వద్దు తమ్మీ, ఫోటో వద్దు అన్నాడు మా ఆయన. ఆ జాగ మా బిడ్డ ఇంకా ఏదో వెయ్యాలనుకున్న జాగ. అండ్ల మనం ఎట్ల కూసోవెడ్తం. పేరన్నా రాద్దాం అన్నా అన్నాడు రమాకాంత్. పేరు కూడా వద్దన్నాడు. మరి ఖాళీగ ఉంచితే ప్రింట్‌ల తెల్లగ పడ్తది, తప్పు పోయింది అనుకుంటరు. అనుకోనియ్ అన్నాడు.

ప్రింట్ చేసే ముందు లేయర్లన్నీ కలపాలంది దీప్తి. వేరే కాపీ మీద కలిపింది. చూస్తుండగానే అన్ని వరుసలూ ఒకటే వరుస అయ్యాయి.

నవంబర్ 6, గురువారం

ఏడాది అయింది.

ఫ్లెక్సీ గల్లీ మొదట్లో ఆయనే కట్టాడు. పాలకుర్తి నుంచి మా అన్నలు, వాళ్ళ పిల్లలు వచ్చారు. అందరూ అక్కడ ఆగి చూశారు. ఫోటో ఏదే అని మా పెద్దవదిన. ఇంట్లో ఉంది వదినా, దండేసి అన్నాను. మరిదేంది, స్కూల్ వాళ్ళదా. మా ఆయన ముందుకొచ్చాడు. ఇది మా యమున వేసింది, అంతరిక్షం అని గట్టిగా చెప్పాడు. ఆ మాట ఆయన నోట్లో అంత సాఫుగా పలుకుతుందని నాకు తెలియదు. ఈ తెల్ల మూల ఏంది బావా, రంగు అయిపోయిందా అని మా చిన్నన్న. లేదు, టైం అయిపోయింది అన్నాడు.

అయ్యగారు పిలిచాడు. పిండం పెట్టాం.

తొవ్వలో పోయేవాళ్ళు ఒకరిద్దరు బండి ఆపి ఫోటో తీసుకున్నారు. సినిమా ఎప్పుడొస్తాంది అన్నా అని ఒకతను అడిగాడట. ఆయన వచ్చి చెప్పాడు. కోపంగా కాదు.

నవంబర్ 16, ఆదివారం, మధ్యాహ్నం

ఫ్లెక్సీ విప్పి తెచ్చాడు. మడత పెట్టనియ్యలేదు. నిచ్చెన వేసి రేకుల కింద, మంచం పైన, బొమ్మ మాకు కనపడేట్టు నాలుగు దిక్కులా తీగతో కట్టాడు.

ఇద్దరం పడుకొని చూస్తున్నాం. ఇండ్ల నువ్వు పెట్టినయ్ వేరే, బిడ్డ పెట్టినయ్ వేరే, నాకు తెలుస్తాంది అన్నాడు. రింగు కింద దగ్గర దగ్గరగా ఉన్న రెండు చుక్కలు చూపించాడు. అగో, అవి మాత్రం మన బిడ్డయే అన్నాడు.

అవును అన్నాను.